కొత్త బండి, పాత బండి: మోటారు సైకిలు కొనుగోలు వెనుక ఉన్న చరిత్ర

పశువుల సంతలో ఎద్దును కొనదలచిన రైతు మొదట దాని నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. తరువాత సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, కాడి మోసిన మెడను తడిమి చూస్తాడు. ఆ పైన దళారి తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని బేరం సాగిస్తాడు. మోటారు వాహనం మన జీవితంలోకి ప్రవేశించిన తరువాత కూడ ఈ పరీక్షా పద్ధతి మాయం కాలేదు. పాత మోటారు సైకిలు కొనేవాడు నేటికీ చేసేది ఇంచుమించు ఇదే. కిక్కు కొట్టి చెవి పెట్టి వింటాడు, పొగ రంగు చూస్తాడు, కొంతదూరం నడిపి వస్తాడు. కాగా ఎద్దుకు లేనిదీ, బండికి ఉన్నదీ ఒకటి కలదు. అది ప్రభుత్వ రికార్డులో దాని యజమాని పేరు. భారతదేశంలో కొత్త బండి కొనాలా, పాత బండి కొనాలా అన్న ప్రశ్నకు సమాధానాన్ని కొనేవాని జేబు ఒక్కటే నిర్ణయించలేదు. ప్రతి దశలోనూ ప్రభుత్వ విధానం, పరిశ్రమ స్థితి, రిజిస్ట్రేషన్ కాగితం ఈ మూడూ కలిసి ఆ సమాధానాన్ని మలచాయి. ఇప్పుడు దేశంలో దాదాపు సగం కుటుంబాలకు సొంత ద్విచక్ర వాహనం ఉన్నది కనుక, ఈ చరిత్ర కొద్దిమంది అభిరుచికి చెందిన విషయం కాదు. అది సామాన్య గృహస్థుని ఆర్థిక చరిత్రలో ఒక అధ్యాయం.

యుద్ధం మిగిల్చిన బండ్లు

బ్రిటిష్ పాలనాకాలంలో మోటారు సైకిలు పూర్తిగా దిగుమతి వస్తువు. 1914లో వచ్చిన భారత మోటారు వాహనాల చట్టం, ఆ తరువాత 1939లో వచ్చిన మరింత సమగ్రమైన చట్టం వాహన రిజిస్ట్రేషన్‌కు, చోదకుల లైసెన్సుకు పునాది వేశాయి. ఐతే ఆనాడు కొత్త బండిని కొనగలిగినవారు సైనికాధికారులు, తోటల యజమానులు, జమీందారీ కుటుంబాలవారు, కొద్దిమంది న్యాయవాదులు, వైద్యులు మాత్రమే. సామాన్యునికి మోటారు సైకిలు దూరం నుండి చూసి, చప్పుడు వినే వస్తువుగానే ఉండిపోయింది.

ఈ పరిస్థితిని కొంతవరకు మార్చినది రెండవ ప్రపంచ యుద్ధం. బ్రిటిష్ సేనల కోసం బి.ఎస్.ఎ. సంస్థ ఎం-20 నమూనా బండ్లను ఒక లక్షా ఇరవై ఆరు వేల దాకా తయారు చేసింది. నార్టన్, మ్యాచ్‌లెస్, ఏరియల్, రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థలు కూడ యుద్ధ వాహనాలను పెద్ద సంఖ్యలో అందించాయి. వీటిలో కొన్ని భారతదేశంలోని దండులకు చేరాయి. యుద్ధం ముగిసిన తరువాత మిగులు సామగ్రిని అమ్మే బాధ్యతను ప్రభుత్వ డిస్పోజల్స్ శాఖ చేపట్టింది. గుడారాలు, బూట్లు, జీపులతో పాటు మోటారు సైకిళ్లు కూడ వేలానికి వచ్చాయి. 'డిస్పోజల్స్ సరుకు' అన్న మాట ఆ కాలపు బజారు భాషలో స్థిరపడినది. సరఫరాలకూ డిస్పోజల్స్‌కూ ఉమ్మడిగా ఏర్పడిన కేంద్ర డైరెక్టరేట్ జనరల్ 2017 వరకు కొనసాగి మూతపడింది.

చరిత్ర దృష్టితో చూస్తే ఇది గమనార్హమైన విషయం. మన దేశంలో మధ్యతరగతి చేతికి అందిన తొలి మోటారు సైకిళ్లలో గణనీయమైన భాగం ప్రభుత్వం వాడి అమ్మిన పాత బండ్లు. సైన్యం బాగుచేసుకొనేందుకు అనువుగా రూపొందించిన బండ్లు కావడం చేత వాటిని విప్పడం, మరమ్మతు చేయడం సులభం. వీధి మెకానిక్ అన్న వృత్తి బలపడడానికి ఇటువంటి బండ్లు ఒక పాఠశాల అయ్యాయి.

వంతుల కాలం

స్వాతంత్ర్యానంతరం విదేశీ మారక ద్రవ్యం కొరత, దేశీయ పరిశ్రమను ప్రోత్సహించాలన్న సంకల్పం కలిసి దిగుమతులను కట్టడి చేశాయి. 1951 పరిశ్రమల (అభివృద్ధి, క్రమబద్ధీకరణ) చట్టం ప్రకారం ఏ కర్మాగారం ఏమి తయారు చేయాలో, ఎంత తయారు చేయాలో లైసెన్సు నిర్ణయించేది. ఈ చట్రంలోనే మన మోటారు సైకిలు పరిశ్రమ పుట్టింది. 1955లో మద్రాసు మోటార్స్ సంస్థ ఇంగ్లండులోని రెడ్డిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పింది. మద్రాసు శివారు తిరువొత్తియూరులో 350 సి.సి. బుల్లెట్‌ను మొదట విడిభాగాలు తెచ్చి బిగించేవారు. అనంతరం భాగాలన్నీ ఇక్కడే తయారయ్యే స్థితి వచ్చింది. సైన్యం, పోలీసు శాఖ దీనికి తొలి పెద్ద కొనుగోలుదారులు. మాతృసంస్థ ఇంగ్లండులో 1970 నాటికి మూతపడినా, బుల్లెట్ మాత్రం మద్రాసులో తయారవుతూనే ఉండడం పారిశ్రామిక చరిత్రలో ఒక విశేషం.

మైసూరులో ఐడియల్ జావా సంస్థ చెకోస్లోవేకియా సాంకేతిక సహకారంతో 1961లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆ బండ్లే 1970 దశకంలో యెజ్డీ పేరుతో ప్రసిద్ధి పొందాయి. 1962లో ఎస్కార్ట్స్ సంస్థ పోలండ్ నమూనా ఆధారంగా 175 సి.సి. రాజ్‌దూత్‌ను విడుదల చేసింది. ఒకటి బ్రిటిష్, ఒకటి చెక్, ఒకటి పోలిష్ మూలం. సుమారు పాతికేళ్ల పాటు భారతీయుని మోటారు సైకిలు ఎంపిక ప్రధానంగా ఈ మూడింటి మధ్యనే తిరిగింది. స్కూటర్ల రంగంలో బొంబాయి ఎ.పి.ఐ. వారి లాంబ్రెట్టా, పూనా బజాజ్ వారి వెస్పా ఉండేవి. బజాజ్‌కు ఇటలీ సంస్థ పియాజియోతో ఒప్పందం 1971లో ముగిసింది. మరుసటి ఏడు చేతక్ వచ్చింది.

కుటుంబంతో ప్రయాణానికి స్కూటరే అనువైనదని అప్పటి గృహస్థుల నమ్మకం. గిరాకీ అంతా అటు మళ్లింది. ఉత్పత్తికి లైసెన్సు హద్దు ఉన్నది, గిరాకీకి హద్దు లేదు. ఫలితం జాబితా. స్కూటర్ల పంపిణీ, విక్రయాల నియంత్రణకై 1960లో ప్రత్యేక ఉత్తర్వు వెలువడింది. ధరావతు కట్టి పేరు నమోదు చేయించుకొన్నవాడు తన వంతు కోసం ఏళ్లతరబడి ఎదురు చూసేవాడు. బజాజ్ స్కూటరుకు ఒక దశలో పదేళ్ల నిరీక్షణ కూడ తప్పలేదు. ప్రభుత్వోద్యోగులకు కోటా ఉండేది. విదేశీ మారక ద్రవ్యంలో సొమ్ము చెల్లించగలిగినవారికి వంతుతో పని లేకుండా బండి దొరికేది. గల్ఫ్ దేశాలలో పనిచేసే బంధువు ఉండడం అన్నది ఈ విధంగా కూడ ఒక ఆస్తి అయింది.

ఈ స్థితిలో కొత్త, పాత అన్న పదాలకు మామూలు అర్థాలు తారుమారయ్యాయి. వంతు వచ్చిన స్కూటరును షోరూము గుమ్మం దాటించగానే, ఇచ్చిన ధర కన్న ఎక్కువకు కొనడానికి జనం సిద్ధంగా ఉండేవారు. అంటే నియంత్రిత ధరకు దొరికే కొత్త బండి కంటే, చేతులు మారిన బండికి ఎక్కువ విలువ. ఆ అదనపు మొత్తాన్నే బజారులో 'ప్రీమియం' అనేవారు. కేటాయింపు పొందిన బండిని నిర్ణీత గడువులోగా అనుమతి లేకుండా అమ్మరాదన్న ఆంక్ష ఉన్నా, దానిని దాటే మార్గాలు జనానికి తెలుసు. బండి కొన్నవాని దగ్గర ఉండేది, రికార్డులో పేరు మాత్రం అమ్మినవానిదే ఉండేది. యజమాని ఒకడు, రికార్డులో పేరు మరొకడిది కావడమనే అలవాటుకు బలమైన మూలాలలో ఇది ఒకటి. కొరత తీరి మూడు దశాబ్దాలు దాటినా ఆ అలవాటు పోలేదు. దాని పర్యవసానాలను ముందు చూద్దాం.

నిరీక్షణను తగ్గించే ఉద్దేశంతో ప్రభుత్వాలు స్వయంగా కూడ రంగంలోకి దిగాయి. 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా ఏర్పడింది. మన రాష్ట్రంలో హైదరాబాదు ఆల్విన్ పేరుతో పుష్పక్ స్కూటర్లు వచ్చాయి. తెలుగు కుటుంబాలలో చాలామందికి తొలి స్కూటరు జ్ఞాపకం దీనితోనే ముడిపడి ఉన్నది. ఐనప్పటికీ కొరత మూలం తయారీదారుల సంఖ్యలో కంటే లైసెన్సు విధానంలోనే ఉన్నందున జాబితాలు కొనసాగాయి.

ప్రభుత్వోద్యోగి విషయంలో మరొక అంశం ప్రస్తావించవలసి ఉన్నది. మోటారు సైకిలు అడ్వాన్సు అనే సదుపాయం ద్వారా అతడు ప్రభుత్వం నుండే అప్పు పొంది, నెలనెలా జీతంలో నుండి తీర్చేవాడు. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే ఆ బండిని సాక్షాత్తు భారత రాష్ట్రపతి పేర తనఖా పెట్టి బాండు రాసి ఇవ్వవలసి వచ్చేది. బ్యాంకులు వాహన రుణాల వైపు చూడని కాలంలో కొత్త బండి కొనగలగడానికి గుమాస్తా తరగతికి ఉన్న ముఖ్యమైన ఆధారం ఈ అడ్వాన్సు. ఏడవ వేతన సంఘం సిఫార్సుల అనంతరం 2016లో కేంద్రం దీనిని రద్దు చేసింది. వాహన రుణం వీధివీధికీ చేరిన కాలంలో దీని అవసరం తీరిపోయిందని భావించారు.

పల్లెకు చేరిన పాత బండి

వంతు, కోటా, అడ్వాన్సు అన్నవి పట్టణానికీ, నెల జీతానికీ సంబంధించినవి. రైతుకు, పాలవానికి, ఊరూరా తిరిగి బట్టలమ్మే వర్తకునికి ఈ మూడింటిలో ఏదీ అందుబాటులో లేదు. వారికి దక్కినది పాత బండి. ఉత్తర భారతంలో రాజ్‌దూత్ పాలవాళ్ల బండిగా పేరు పొందింది. ఇరువైపులా పాల క్యానులు వేలాడదీసి మట్టిబాటలలో నడిపినా ఓర్చుకొనే గుణం దానికి ఉండడమే కారణం. 1973లో వచ్చిన హిందీ చిత్రం 'బాబీ'లో కనిపించిన రాజ్‌దూత్ చిన్న నమూనా యువతలో మోజు కలిగించిన మాట నిజమే గాని, ఆ సంస్థను నిలబెట్టినది పెద్ద రాజ్‌దూత్ మోసిన బరువే.

పాత బండి పల్లెకు చేరాలంటే దానికి రెండు ఆధారాలు కావాలి. ఒకటి విడిభాగం, రెండు మెకానిక్. ఢిల్లీలో కరోల్ బాగ్, మద్రాసులో పుదుప్పేట, మన విజయవాడలో ఆటోనగర్ వంటి కేంద్రాలు ఈ అవసరం చుట్టూ పెరిగాయి. పుదుప్పేటలో విప్పిన బండి భాగాలు కుప్పలుగా అమ్ముడయ్యేవి. లారీల మరమ్మతుకు పేరుపడిన విజయవాడ ఆటోనగర్‌లో లేతు పనివారు, వెల్డింగు పనివారు, బాడీ కట్టేవారు ఒకే చోట చేరడంతో, దొరకని భాగాన్ని చేసి ఇవ్వగల నైపుణ్యం ఏర్పడింది. ఒక నమూనా ఇరవై, ముప్ఫై ఏళ్ల పాటు మారకుండా తయారు కావడం పరిశ్రమ దృష్టిలో వెనుకబాటు. పాత బండి కొనేవాని దృష్టిలో అదే వరం. 1965 నాటి బుల్లెట్‌కు 1985లో కొన్న భాగం అనేక సందర్భాలలో సరిపోయేది. లైసెన్సు కాలాన్ని విమర్శించే ఆర్థికవేత్తలు సాధారణంగా ప్రస్తావించని పార్శ్వమిది. కొత్త బండి దొరకని వ్యవస్థ, పాత బండిని బ్రతికించే వ్యవస్థను తనకు తెలియకుండానే సృష్టించింది.

వంద సి.సి. మలుపు

1980 దశకం తొలి సంవత్సరాలలో కేంద్ర ప్రభుత్వం చిన్న సామర్థ్యం గల ద్విచక్ర వాహనాల తయారీలో విదేశీ సహకారానికి తలుపులు తెరిచింది. జపాను సంస్థలు నాలుగూ భారతీయ భాగస్వాములతో వచ్చాయి. 1984లో సుజుకీ సహకారంతో టి.వి.ఎస్. వర్గం వారి బండి, 1985లో హీరో హోండా సి.డి.-100, అదే ఏడాది చివర ఎస్కార్ట్స్ వారి యమహా ఆర్.ఎక్స్.-100, 1986లో కవాసాకీ బజాజ్ కె.బి.-100 బజారులో ప్రవేశించాయి. వీటిలో సి.డి.-100 ఒక్కటే నాలుగు స్ట్రోకుల ఇంజను గలది. 1973, 1979 చమురు సంక్షోభాలు పెట్రోలు ధరను గృహ బడ్జెట్లో ప్రధానాంశంగా మార్చిన తరువాత, లీటరుకు 80 కిలోమీటర్లు అన్న ప్రకటన సామాన్యుని మనసును పట్టుకున్నది.

కొత్త, పాత లెక్కలో ఇది మౌలికమైన మార్పు. అంతవరకు కొత్త బండికి, పాత బండికి తేడా అరుగుదలలో మాత్రమే. ఇంజను ఒకటే, పెట్రోలు ఖర్చు ఒకటే. ఇప్పుడు కొత్త బండి అంటే వేరొక తరం యంత్రం. పాత రాజ్‌దూత్ చౌకగా దొరికినా, రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగేవానికి పెట్రోలులోనే ఆ తేడా కొద్ది సంవత్సరాలలో కరిగిపోయేది. కొనుగోలు ధరను చూసి నిర్ణయించడం సరికాదనీ, నడిపే ఖర్చును కూడ కలిపి చూడాలనీ భారతీయ గృహస్థుడు విస్తృతంగా నేర్చుకొన్నది ఈ దశాబ్దంలోనే.

1991 జూలైలో ప్రకటించిన పారిశ్రామిక విధానం లైసెన్సు వ్యవస్థలో అధిక భాగాన్ని తొలగించింది. జాబితాలు క్రమంగా చరిత్రలో కలిశాయి. 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ దేశంలో అత్యధికంగా అమ్ముడైన బండ్లలో ఒకటి అయింది. 1990 దశకం చివరికి మోటారు సైకిళ్ల అమ్మకాలు స్కూటర్లను దాటిపోయాయి. వాయిదాల పద్ధతిలో రుణమిచ్చే సంస్థలు చిన్న పట్టణాలకు కూడ విస్తరించాయి. 2001 జనాభా లెక్కల ప్రకారం ద్విచక్ర వాహనం గల కుటుంబాలు 11.7 శాతం. 2011 నాటికి అవి 21 శాతం. 2024-25 ఒక్క సంవత్సరంలోనే దేశీయ విపణిలో సుమారు 1 కోటి 96 లక్షల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి.

ఇన్ని కొత్త బండ్లు అమ్ముడయ్యే దేశంలో పాత బండి విపణి కుంచించుకుపోలేదు, మరింత విస్తరించింది. కొత్త బండి కొన్న ప్రతివాడు కొన్నాళ్లకు పాత బండిని వదులుతాడు. దానిని కొనేవాడు అంతవరకు సైకిలు మీదనో, బస్సులోనో తిరిగినవాడు. నేడు నగరాలలో ఇంటింటికీ భోజనం, సరుకులు చేరవేసే యువకులలో అనేకుల తొలి పెట్టుబడి ఒక పాత మోటారు సైకిలే. వారి జీవనోపాధి దాని మీద ఆధారపడి ఉన్నందున, ఆ కొనుగోలులో జరిగే మోసం ఒక వస్తువు నష్టంతో ముగియదు.

కాగితం మీద యజమాని

ఇక్కడే రిజిస్ట్రేషన్ కాగితం ప్రాముఖ్యం తెలియవస్తుంది. ఆంధ్ర ప్రాంతంలో జనం దీనిని 'సీ బుక్కు' అంటారు. వస్తు విక్రయానికి సంబంధించిన 1930 నాటి చట్టంలో, కొనేవాడే జాగ్రత్త వహించాలన్నది మూలసూత్రం. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చి, 2019లో దాని స్థానంలో మరింత విస్తృతమైన చట్టం ఏర్పడినా, వాటి రక్షణ వ్యాపారి నుండి కొన్నవానికి ఉపయోగపడినంతగా, పొరుగింటివాని నుండి పాత బండి కొన్నవానికి ఉపయోగపడదు. కనుక యంత్రం మంచిచెడ్డల విషయంలో పాత బండి కొనేవాడు నేటికీ సంతలో ఎద్దును కొనే రైతు స్థితిలోనే ఉన్నాడు.

యాజమాన్యం విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, అదే రాష్ట్రంలో బండిని అమ్మినవాడు 14 రోజులలోగా, కొన్నవాడు 30 రోజులలోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. ఇందుకు 29, 30 నంబరు ఫారాలు నిర్దేశించారు. బండి మీద అప్పు ఉండి తీరినట్లయితే, రుణదాత సంతకంతో 35వ ఫారం దాఖలు చేసి తనఖా నమోదును తొలగింపజేయాలి. వేరొక రాష్ట్రానికి తీసుకుపోవాలంటే 28వ ఫారం ద్వారా నిరభ్యంతర పత్రం కావాలి. 2014 జూన్ 2 తరువాత తెలుగువారికి ఇది స్వానుభవం. అంతవరకు ఒకే రాష్ట్రంలో జరిగిన హైదరాబాదు, విజయవాడ నగరాల మధ్య పాత బండి బేరం, ఆనాటి నుండి రెండు రాష్ట్రాల మధ్య బేరమైంది. నిరభ్యంతర పత్రం, కొత్త రిజిస్ట్రేషన్, పన్ను ప్రశ్న అన్నీ దానితో పాటు వచ్చాయి.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా ఆచరణ వేరుగా సాగింది. అమ్మినవాడు ఫారాల మీద సంతకాలు చేసి, తేదీ రాయకుండా ఇచ్చివేస్తాడు. దళారి వాటిని బండితో పాటు మరొకరికి అందజేస్తాడు. బండి ముగ్గురు, నలుగురు చేతులు మారినా రికార్డులో పేరు మొదటివానిదే. వంతుల కాలంలో ఆంక్షను తప్పించుకొనేందుకు ఉపయోగపడిన ఈ పద్ధతి, నేడు రుసుము, శ్రమ తప్పించుకొనే పద్ధతిగా మిగిలింది.

దీని పర్యవసానం ఏమిటో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఇచ్చిన తీర్పు తేటతెల్లం చేసింది. ఆ వ్యాజ్యంలోని కారును రిజిస్టరు యజమాని 2007లోనే అమ్మివేశాడు. అది వరుసగా పలువురి చేతులు మారింది. 2009లో ప్రమాదం జరిగే నాటికి కూడ రికార్డులో మొదటివాని పేరే ఉన్నది. చట్టంలోని నిర్వచనం ప్రకారం ఎవరి పేర వాహనం రిజిస్టరై ఉన్నదో అతడే యజమాని అనీ, పరిహారం బాధ్యత అతనిదే అనీ న్యాయస్థానం స్పష్టం చేసింది. ప్రమాదంలో నష్టపోయిన కుటుంబం, ఎవరి నుండి ఎవరు కొన్నారో వెదుకుతూ తిరగనవసరం లేదన్నది ఈ తీర్పులోని న్యాయం. ఈ సూత్రం మోటారు సైకిలుకూ వర్తిస్తుంది. పాత బండిని అమ్మి, వచ్చిన సొమ్ము ఖర్చు చేసి, దాని సంగతే మరచిన వ్యక్తికి ఏళ్ల తరువాత నోటీసు రావచ్చునన్నమాట.

భీమా విషయంలో కూడ ఇటువంటి చిక్కే ఉన్నది. బండి చేతులు మారినప్పుడు మూడవ పక్షానికి రక్షణనిచ్చే భీమా చట్టరీత్యా కొత్త యజమానికి బదిలీ అయినట్లే పరిగణిస్తారు. బండికి కలిగే సొంత నష్టానికి సంబంధించిన భీమా మాత్రం పేరు మార్పించుకుంటేనే వర్తిస్తుంది. దొంగతనం జరిగిన తరువాత ఈ సంగతి తెలుసుకొని ప్రయోజనం లేదు.

2022 డిసెంబరులో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించి, పాత వాహనాల వ్యాపారులకు ప్రభుత్వాధికార పత్రం తీసుకొనే విధానాన్ని 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి తెచ్చారు. అమ్మకానికి బండి తన వద్ద ఉన్నంత కాలం ఆ వ్యాపారినే యజమానిగా భావించాలన్నది ఇందులోని ముఖ్యాంశం. అమ్మినవానికి, చివరగా కొన్నవానికి మధ్య ఉన్న శూన్యాన్ని పూరించే ప్రయత్నంగా దీనిని గుర్తించాలి. నియమం అక్షరాలా అమలైతే తేదీ లేని సంతకాల కాలం ముగియగలదు.

ప్రమాణాలు మారిన ప్రతిసారీ

ఇటీవలి కాలంలో కొత్త, పాతల గీతను గీస్తున్న మరొక శక్తి కాలుష్య, భద్రతా ప్రమాణాలు. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు, భారత్ స్టేజ్-3 వాహనాల అమ్మకం ఏప్రిల్ 1 నుండి చెల్లదని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి అమ్ముడుపోక మిగిలిన ద్విచక్ర వాహనాలు సుమారు 6 లక్షల 70 వేలు. మార్చి 30, 31 తేదీలలో షోరూముల ముందు జనం బారులు తీరారు. కొత్త బండి దాదాపు పాత బండి ధరకు అమ్ముడయింది. వంతుల కాలంలో చేతులు మారిన బండి కొత్తదానిని మించిన ధర పలికిన దేశంలోనే ఇది జరిగింది. 2020 ఏప్రిల్ 1 నుండి స్టేజ్-6 ప్రమాణాలు వచ్చినప్పుడు కూడ ఇటువంటి తొందర కనిపించింది. గడువుకు ముందు విక్రేత పేరనే రిజిస్టరై, ఒక్క కిలోమీటరు కూడ తిరగకుండా 'పాత బండి'గా అమ్ముడయిన వాహనాలు ఈ సంధికాలపు వింత.

భద్రత విషయంలో 2019 ఏప్రిల్ నుండి తయారైన 125 సి.సి. పైబడిన బండ్లకు చక్రం బిగుసుకుపోకుండా ఆపే బ్రేకు వ్యవస్థ తప్పనిసరి అయింది. అంతకన్న చిన్న బండ్లకు రెండు చక్రాల బ్రేకులు కలిసి పనిచేసే ఏర్పాటు ఉండాలి. కనుక పాత బండి కొనేవాడు తయారీ సంవత్సరాన్ని చూడడం ధర కోసం మాత్రమే కాదు, తడి రోడ్డు మీద ప్రాణరక్షణ కోసం కూడ. పన్ను విధానం కూడ ఈ లెక్కను మారుస్తూ ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల మోటారు సైకిళ్ల మీద వస్తు, సేవల పన్నును 28 నుండి 18 శాతానికి తగ్గించారు. కొత్త బండి ధర తగ్గినప్పుడు, అంతకు ముందటి ధరను మనసులో పెట్టుకొని పాత బండి బేరమాడేవాడు నష్టపోతాడు.

వీటన్నిటికీ అతీతంగా నిలిచిన పాత బండ్లు కూడ కొన్ని ఉన్నాయి. 1996లో తయారీ ఆగిన ఆర్.ఎక్స్.-100ను, అదే ఏడాది మూతపడిన మైసూరు కర్మాగారపు యెజ్డీని బాగుచేయించి భద్రపరచుకొనేవారు నేడు ఎందరో. మంచి స్థితిలో ఉన్న ఆర్.ఎక్స్.-100 నేడు లక్ష రూపాయలు దాటి పలకడం అరుదు కాదు. జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో కొత్త బండ్ల మీద మళ్లీ కనిపించాయి. పాత బండి మీది మమకారమే కొత్త బండికి ప్రచార సాధనమైన ఘట్టమిది.

ఎంపికకు చరిత్ర చెప్పేది

ఈ చరిత్ర నుండి కొనుగోలుదారునికి ఉపకరించే సారాంశాన్ని గ్రహించడం కష్టం కాదు. పది, పన్నెండేళ్లు ఒకే బండిని వాడదలచినవానికి, రోజూ దూరం తిరిగేవానికి, ఇంట్లో మరమ్మతు తెలిసినవారు లేనివానికి కొత్త బండి మేలు. దాని ధరలో వారంటీ, తాజా భద్రతా ఏర్పాట్లు, 2018 సెప్టెంబరు నుండి కొత్త బండ్లకు తప్పనిసరి అయిన ఐదేళ్ల మూడవ పక్ష భీమా కలిసి ఉంటాయి. కొత్తగా నడపడం నేర్చుకొన్నవానికి, తక్కువ తిరిగేవానికి, అప్పు భారం మోయలేనివానికి పాత బండి తెలివైన ఎంపికే. ఐతే పాత బండి కొనుగోలుకు తీసుకొనే రుణం వడ్డీ సాధారణంగా ఎక్కువగా ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి. నగదు ఉన్నవానికి పాత బండి చౌక, అప్పు చేసేవానికి అంత చౌక కాకపోవచ్చు.

పరీక్షించేటప్పుడు ఇంజను చల్లగా ఉండగా మొదలుపెట్టించాలి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజను తన లోపాలను దాచుతుంది. నాలుగు స్ట్రోకుల బండి నీలిపొగ విడిస్తే ఆయిలు కాలుతున్నదని, పిస్టను, రింగుల పని దగ్గరపడినదని అర్థం. ముందు ఫోర్కు వంకర, ఛాసిస్ మీద కొత్త వెల్డింగు గుర్తు, చెయ్యి వదిలితే ఒక పక్కకు లాగడం గత ప్రమాదానికి సాక్ష్యాలు. మీటరు చూపే కిలోమీటర్లను పూర్తిగా నమ్మరాదు. పెడలు రబ్బరు, గ్రిప్పులు, చెయిను చక్రం పళ్లు ఎంత అరిగాయో చూస్తే అసలు లెక్క తెలుస్తుంది. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రెండింటినీ సీ బుక్కులోని అంకెలతో సరిపోల్చాలి. చెరిపి మళ్లీ కొట్టినట్లు అనుమానం కలిగితే ఎంత చౌకయినా వదిలివేయాలి. రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లకు ముగుస్తుంది కనుక, మిగిలిన కాలాన్ని కూడ ధరలో లెక్కించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, సొమ్ము చేతులు మారిన రోజే పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. ఇది కొనేవానికి ఎంత అవసరమో, అమ్మేవానికి అంతకంటే అవసరం. అధికారుల వైపు నుండి కూడ చేయవలసినది కలదు. పేరు మార్పు ఎంత సులభంగా, ఎంత తక్కువ ఖర్చుతో, దళారి ప్రమేయం లేకుండా జరిగితే రికార్డు అంత సత్యంగా ఉంటుంది. వంతుల కాలంలో నియమం జీవితావసరానికి అడ్డుగా నిలిచినందువల్ల ప్రజలు నియమాన్ని పక్కకు తప్పించడం నేర్చుకొన్నారు. నేడు నియమం వారి రక్షణకే ఉన్నదన్న సంగతి అనుభవంలో రుజువైతేనే ఆ పాత అలవాటు మారుతుంది. కొత్త బండి కొన్నవానికి చట్టం, తయారీదారు, రుణదాత అందరూ తోడుంటారు. పాత బండి కొన్నవానికి ఉన్న తోడు ఆ ఒక్క కాగితమే. దానిమీద పేరు సరిగా ఉండేటట్లు చూడడం, తక్కువ సొమ్ముతో తొలిసారి బండి ఎక్కుతున్న పౌరునికి పరిపాలన చేయగల నిజమైన సహాయం.